గండి ఒడ్డు స్థలం

దీవి, మార్చి 4

ప్రియమైన తమ్ముడు ఇయోతెబాకి,

"ప్రియమైన" అన్నది అలవాటుకొద్దీ రాశాను. ఈ పూట దానికి అంతకు మించి అర్థం వెతక్కు.

మొన్న మన ఊరి సభాశాలలో, మన మనేబాలో, నువ్వు చేసిన పని గురించి రాస్తున్నాను. పెద్దలంతా ఎవరి వంశానికి ఏర్పడ్డ చోట వాళ్ళు చాపలమీద కూర్చున్నారు. నువ్వు మంత్రివి కాబట్టి మన దీవి రెండు దిబ్బల మధ్య సముద్రపు గండి పూడ్చి, నా స్థలం మీదుగా రోడ్డు వేసే సంగతి ప్రభుత్వం తరఫున మాట్లాడతావనుకున్నాం. నీకు బదులు చెప్పడానికి నేను వారం రోజులుగా మాటలు పేర్చుకున్నాను. నువ్వు వాదన జోలికే పోలేదు. మెడలో పూలదండతో, మంత్రిగా కాక మా పిన్ని కొడుకుగా లేచి, "అన్నయ్యా, గండి ఒడ్డున ఉన్న నీ స్థలం నాకు కావాలి. బుబుసి అడుగుతున్నాను" అన్నావు. చుట్టం నలుగురిలో బుబుసి అని నోరు తెరిచి ఏదడిగినా కాదన్నవాడి ముఖం ఈ దేశంలో ఎవరూ చూడరని నీకు తెలుసు. "సరే" అన్నాను.

నిన్ను బడిలో కూర్చోబెట్టి ఈ దేశం భూగోళం, చరిత్ర, పరిపాలన చెప్పినవాణ్ణి నేను. తెల్లదొరలు ఫాస్ఫేటు కోసం ఒక దీవిని ఎముకలదాకా గీకి ఎరువుగా అమ్ముకున్నారని చెబితే ఆ రోజు నువ్వు బల్ల గుద్దావు. వాళ్ళు కాగితం చూపించి మోసం చేశారు. నువ్వు మన అమ్మల చుట్టరికం చూపించి చేశావు.

నీ అన్న,
కౌతు

తారావా, మార్చి 19

ప్రియమైన అన్నయ్యకి,

మౌరి, కులాసాయేనా? నీ ఉత్తరం మా ఆవిడ తాబిరియాకి చదివి వినిపించాను. బావగారికి రక్తపోటు ఎక్కువైనట్టుందని మాత్రలు పంపుతోంది. వేసుకో.

కోపం పక్కన పెట్టి ఆలోచించు. ఉత్తరపు దిబ్బమీద బడి లేదు, ఆసుపత్రి లేదు. పిల్లలు పోటు తగ్గేదాకా ఒడ్డున కూర్చుని, పుస్తకాలు నెత్తిన పెట్టుకుని, నడుములోతు నీళ్ళలో గండి దాటుతున్నారు. కట్ట వేసి దానిమీద రోడ్డు వేస్తే ఆ బాధ పోతుంది. వంతెన కట్టమంటావు. వంతెనకు మన ఖజానా చాలదు, బండరాళ్ళకు చాలుతుంది. వచ్చే ఏడు ఎన్నికలున్న మాట కూడా దాచను. ఓటు వేసేది చేపలు కాదు.

వాదిస్తే గెలిచేది నువ్వేనని తెలిసే వాదించలేదు. నీ దగ్గర చదువుకున్నవాణ్ణి, ఆమాత్రం తెలివి ఉండదా? స్థలం నాకిచ్చావు. అది ఇప్పుడు నాది. అందులో ఏం కడతానో నా ఇష్టం.

ఆరోగ్యం జాగ్రత్త.

నీ తమ్ముడు,
ఇయోతెబా

దీవి, మార్చి 31

ప్రియమైన మంత్రిగారికి,

మాత్రలు అందాయి. కోపానికి పనిచేయలేదు.

ఓటు వేసేది చేపలు కాదన్నావు. నిజమే, ఓటు వేసేవాళ్ళు తినేది మాత్రం చేపల్నే. ఇకారి చేప దిబ్బల లోపలి మన ఉప్పుకయ్యలో పెరిగి, పౌర్ణమికి గండి దాటి, బయట సముద్రంలో గుడ్లు పెట్టి వస్తుంది. గండి పూడిస్తే అది కట్టకు ముక్కు గుద్దుకుంటూ తిరుగుతుంది. మొదట్లో వలలు నిండుతాయి, జనం నిన్ను దేవుడంటారు. ఆ తర్వాత కయ్యలో బురద మిగులుతుంది. రాజధాని తారావాలో నీ ఇంటి దగ్గరే అలాంటి కట్టలున్నాయి. అక్కడి ఇకారి ఎటు పోయిందో ఆ వాడ ముసలివాళ్ళను ఎప్పుడైనా అడిగావా?

మన దేశం అంటే ఏమిటని పరీక్షలో అడిగితే "సముద్రంలో ముప్ఫైమూడు దీవులు" అని రాసి మార్కులు కొట్టేశావు. అప్పుడే సున్నా వేయాల్సింది. మన దేశం నీళ్ళురా. నేల దాని అంచు, గండి దాని నోరు. నువ్వు నోరు కుట్టేసి అన్నం పెడతానంటున్నావు.

నేను చాలా దేశాల చరిత్రలు చదివాను. కొంపలు ముంచినవాళ్ళంతా జనం కోసం ఏదో రోడ్డు వేస్తున్నామనే చెప్పారు. మీరు పార్లమెంటుకు కూడా మనేబా అనే పేరు పెట్టుకున్నారు. మన మనేబాలో ఒక్క పెద్ద కాదన్నా పని ఆగుతుంది. మీ దాంట్లో చేతులు లెక్కపెట్టుకుని ఇళ్ళకు పోతారు.

ఉత్తరంలో తిడితే నీకు తగలదు. ఈస్టరుకు మన దీవివాళ్ళంతా అక్కడ విందుకు చేరతారట. ఓడెక్కి వస్తున్నాను. నాకో చాప పరిచి ఉంచమని మరదలికి చెప్పు.

కౌతు

తారావా, ఏప్రిల్ 20

అన్నయ్యా,

ముందు "ప్రియమైన" రాయడానికి నాకు చేయి రాలేదు.

నువ్వు వచ్చావు. పంది మాంసం తిన్నావు, పాస్టరుగారితో పరాచికాలాడావు, నా పక్కనే కూర్చుని రోడ్డు ఊసే ఎత్తలేదు. చల్లబడ్డావని నేను నమ్మేదాకా ఆగి, అప్పుడు లేచావు. మన జనం ముందు, సాటి మంత్రుల ముందు, "తమ్ముడూ, నేనిచ్చిన స్థలంలో ఇల్లు కట్టుకుని అక్కడే బతుకు. బతికినంతకాలం. నిన్ను బుబుసి అడుగుతున్నాను" అన్నావు. ఎవరూ నవ్వలేదు. అందరూ నా నోటికేసి చూశారు. తాబిరియా తల దించుకుంది. చట్టం చెబుదామనే నోరు తెరిచాను. బయటికి వచ్చింది "సరే" ఒక్కటే.

తిన్న ఆకులు ఎత్తేసేదాకా నాకు దెబ్బ లోతు తెలియలేదు. నేను అక్కడ కాపురముంటే కట్ట నా ఇంటిమీదుగా పోవాలి. నా ఇల్లు కూల్చమని నేనే సంతకం పెట్టలేను. అక్కడ కాపురముంటే ఇక్కడ మంత్రిగానూ ఉండలేను. ఒక్క మాటతో రోడ్డు పీకేశావు, కుర్చీ పీకేశావు. రాజీనామా ఇచ్చాను. సాటి మంత్రులు ఒక్కరంటే ఒక్కరు ఆగమనలేదు. వాళ్ళూ ఈ దేశంవాళ్ళే కదా.

వచ్చే ఓడకు తట్టాబుట్టా సర్దుకుని దిగుతున్నాం. గండి తెరిచే ఉంటుంది. నీ ఇకారి చేపలు పౌర్ణమికి హాయిగా పోయిరావచ్చు.

ఆ పిల్లల మాటేమిటి? నీ రెండు ఉత్తరాలూ మళ్ళీ చదివాను. చేపల గోడు ఉంది, దొరల పాపాలున్నాయి, నా పరీక్ష పేపరు కూడా ఉంది. పుస్తకాలు నెత్తిన పెట్టుకుని నీళ్ళలో నిలబడ్డవాళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. బడిపంతులివి నువ్వు.

ఉత్తరంలో అడిగితే లెక్కలోకి రాదు. అందుకని దిగిన రోజునే మన మనేబాలో, పెద్దలందరి ముందు లేచి అడుగుతాను. పొద్దునా సాయంత్రం ఆ పిల్లల్ని నీ పడవలో గండి దాటించాలి. ఒక్క రోజు మానకూడదు. బతికినంతకాలం.

సరే అనడం ఇప్పటినుంచే సాధన చెయ్యి.

నీ పొరుగువాడు,
ఇయోతెబా