బావ నొక్కని గడియారం

ఆదివారం రాత్రి

వీధి వీధికీ మైకు పట్టుకుని సువార్త కేకలేసే నీ నోరు ఈ రోజు ఏమైంది?

పోర్టు దగ్గర హాల్లో చదరంగం పోటీ. సత్తిబాబు బావ గెలవాల్సిన ఆట. ఏనుగును జరిపాడు. ఎత్తు వేశాక గడియారం మీట నొక్కితేనే అవతలివాడి టైము మొదలవుతుంది. మీట మీదికి వెళ్ళాల్సిన చెయ్యి బావ గుండెల మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఎదురుగా ఆడుతున్న బ్యాంకు గుమాస్తా అది చూశాడు, పలకలేదు. చూసేవాళ్ళు నోరెత్తకూడదని రూలు. కరిగిపోతున్నది తన టైమేనని తెలియక బావ అతని ముఖమే చూస్తూ కూర్చున్నాడు. వెనక నిలబడి ప్రార్థించడం తప్ప నేనేమీ చేయలేకపోయాను. టైము అయిపోయి గడియారంలో ఎర్ర జెండా పడింది. ఆట పోయింది.

బయటికొచ్చాక నవ్వాడు. "ఏటి బావా, ఎనకాల నిలబడి అంత పార్దన సేసినావు, మీ పెబువు కూడా రూలుకి బయపడతాడేటి? నాను ఆడి టైమే నడత్తందనుకున్నాను."

"గుండెల మీద ఆ సెయ్యేటి బావా? డాక్టరు ఆస్పత్రిలో సేరమన్నాడు గదా?"

"సేరతానులే. వచ్చే ఆదోరం ఇంకో పోటీ ఉంది. అదయ్యాక సూద్దాం."

ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. చెయ్యి పట్టుకుని ఆపలేకపోయాను.

ఆపద చూసి కూడా బూర ఊదని కావలివాణ్ణి దేవుడు లెక్క అడుగుతాడని బైబిల్లోంచి ఎంతమందికి చదివి వినిపించాను... హాల్లో అంటే రూలుంది. బావ గుమ్మం ముందు ఏ రూలుంది? వచ్చే ఆదివారం కాదు, రేపు కాదు. పెన్ను మూసి లే. వన్ టౌన్ వెళ్ళి బావ తలుపు ఇప్పుడే కొట్టు.