పడవకు పడని పంట

నాయనా వెండెల్, సరస్సు దగ్గర మేమిద్దరం క్షేమం. నిన్న పడవ నీళ్ల నడుమ ఆగిపోయింది. నిరుడు డబ్బాలో మిగిలిన, మొక్కజొన్న ఇథనాల్ కలిపిన పెట్రోలే మీ నాన్న పోశారు. వద్దంటే, "మన మొక్కజొన్న మనల్నే ముంచుతుందటే?" అన్నారు. అది చెమ్మ పీల్చి పాడైందట. పక్కింటావిడ తన పడవకు తాడు కట్టి లాక్కొచ్చింది. "మీ పంట కార్లకు పోసుకోండి బాబూ, పడవల జోలికి రాకండి" అంది. ఒడ్డునే ఇథనాల్ కలపని పెట్రోలు పంపు ఉంది. మన మొక్కజొన్న కొనే ఇథనాల్ ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన టోపీ తీసి జేబులో దాచుకుని మరీ, మీ నాన్న అక్కడ పోయించుకొచ్చారు.

మన షెడ్డులో ఎర్ర డబ్బా ఉందే, అందులోదీ ఇథనాల్ పెట్రోలే; అది గడ్డి కోసే మిషన్‌లో పోయకు, కారులో పోసెయ్. కంకులు పాలు పోసుకున్నాయా? వాన పడిందా? నాన్న దీవెనలు. ఫ్యాక్టరీలో ఈ మాట ఎత్తకు. టోపీ ఇంకా జేబులోనే ఉంది.

అమ్మ