ఇసుకలో పండుకున్న ర్యాస్ చేప

అన్నా,

నేను జఫర్‌గఢ్ డ్యూటీకి పోతున్న. అన్నం, పప్పు పొయ్యి మీద ఉన్నయి. అక్వేరియం మోటరు బంద్ చెయ్యకు. నీళ్లు తగ్గితే ఉత్త మంచినీళ్లే పొయ్యి, ఉప్పు కలపకు; నీళ్లు ఆవిరైనా ఉప్పు అండ్లనే ఉంటది.

నువ్వు బాపుకు తెచ్చిన సముద్రపు ర్యాస్ చేప ఇగ లేదు. పొద్దుగాల ఊడుస్తుంటే బీరువ ఎనక ఎండిపోయి దొరికింది. బాపు దినాలకు ఇల్లు కడిగినప్పుడు అక్వేరియం మీది జాలీ మూత తీసినం, మళ్ల పెట్టుడు అందరం మరిచినం. "గిది ఎగిరి బయటికి దుంకే చేప, మూత లేకుంటె బతకది" అని బాపు ఎన్నిసార్లు చెప్పిండో. జామచెట్టు కింద పాతిపెట్టిన.

అవ్వకు చెప్పలే. అది ఇసుకల దూరి పండుకుంటదని బాపు చూపెట్టిండు గదా, ఎప్పుడు లేస్తదా అని అవ్వ అక్వేరియం అద్దం ముంగటనే కూసుంటున్నది. ఆమె ముంగట ఇసుక కెలకకు. ఇంకో చేప తేకు.

భాగ్య

అన్నా, మళ్ల రాస్తున్న. ఇది రాసి చెప్పులేసుకుంటుంటే అవ్వ దగ్గరికొచ్చి మెల్లగ అన్నది: "బిడ్డా, చేప పోయిందని అన్నకు చెప్పకు. వాడు తట్టుకోడు. ఇసుకల పండుకున్నదని చెప్పు." నీకు తెల్సినట్టు ఆమెకు కనబడనియ్యకు.