బతికున్న సాయన్నను చంపిన నీ ప్రోగ్రాం

అక్కా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నువ్వు రాసిన పెన్షన్ ప్రోగ్రాం ఈ నెల బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పాత కార్మికుల్లో కొందరిని చనిపోయినట్టు చూపించింది. పెన్షన్లు ఆగాయి. మా పేపర్‌కు వార్త రాయడానికి నేనే వెళ్లాను.

"నేను సచ్చిపోయిన్నట తమ్మీ! దినాలకొచ్చినవా, ఛాయ్ తాగి పోతవా?" అన్నాడు మన బాపుతో కలిసి చెరుకు తూచే కాటా దగ్గర పనిచేసిన సాయన్న. బీపీ గోలీలు అయిపోయాయని తర్వాత చెప్పాడు.

హైదరాబాద్‌లో మీ ఆఫీసు సునీతను అడిగాను. ప్రోగ్రాంలో అక్షరం మారలేదట. అది నడిచే పాత పెద్ద కంప్యూటర్‌కు సిస్టం కొత్త వెర్షన్ వేశారు. ఇదివరకు ప్రోగ్రాం మొదలయ్యే ముందు సిస్టమే మెమరీని తుడిచి సున్నాలు పెట్టేది. ఇప్పుడు అడిగితేనే తుడుస్తుంది. నువ్వు అడగలేదు. అంతకుముందు నడిచిన వేరే పని మెమరీలో వదిలినదాన్ని నీ ప్రోగ్రాం చావు గుర్తుగా చదివింది.

చెరుకు బండి దిగగానే బాపు కాటా మీది ఆకులు ఊడ్చేవాడు. అందుకే తర్వాతి బండివాళ్లెవరూ ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసేవాళ్లు కాదు. నువ్వు పెరిగింది ఆ బాపు ఇంట్లోనే.

"తప్పు అక్కదేనా?" అన్నాను.

"సగం. చెప్పకుండ మార్చినోళ్లది సగం," అంది సునీత. రెండు సగాలూ వార్తలో రాశాను.

ముందుగా సున్నా పెట్టమని ఆమె ప్రోగ్రాంలో ఒక వరుస చేర్చింది. పొద్దున సాయన్న ఫోన్ చేశాడు. నువ్వింకా ఆ ఆఫీసులోనే ఉన్నావనుకుంటున్నాడు.

"బతికిన తమ్మీ! అక్కకు చెప్పు."

చెప్తానన్నాను.