లారీకి కడియాలు

తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున మన లారీ తొట్టికి కమ్మరి నర్సయ్య ఇనుప కడియాలు బిగించాడు. మోకును పక్క చెక్కలకు కాకుండా వాటికే కట్టి లాగాం. ఒక్క పసుపు బస్తా కూడా కదల్లేదు.

"ఇగ బస్తాల మీద మనిషిని కూసోవెట్టే పని లేదన్నా," అన్నాడు నర్సయ్య సంబరంగా. పాపం, అతని మీద కోపమొచ్చింది నాకు. ఇందల్వాయి దగ్గర చెక్క విరిగి, బస్తాలతో పాటు నువ్వూ కిందపడేదాకా ఈ కడియాలు ఎవరికీ తోచలేదు.

ఆర్మూరు మార్కెట్లో బయలుదేరేటప్పుడు అలవాటుగా క్యాబిన్ కప్పు మీద తట్టాను. పైనుంచి నువ్వు తిరిగి తడితేనే కదా నేను బండి కదిలించేది. వెనక లారీవాడు హారన్ కొట్టేదాకా అట్లాగే కూర్చున్నాను.