అన్నయ్యే మొదటి ప్రతివాది

కంకిపాడు,
ఆదివారం.

అన్నయ్యా,

ఫోన్ తీయవు, ఇంటికి రావు. అందుకే రాసి వదిన చేతికిస్తున్నాను.

చెల్లెలు కోర్టుకీడ్చిందని నాగవల్లి పిన్నితో అన్నావట. బాబూ, కారు నడిపింది నువ్వు. నీ పేరు లేకుండా ఇన్సూరెన్సు వాళ్ళ మీద కేసు నడవదని లాయరుగారు నీ ముందే చెప్పారు కదా! పరిహారం ఇచ్చేది వాళ్ళు, నువ్వు కాదు.

అది సరే, వాళ్ళ మనిషి వాకబుకి వస్తే కాఫీ ఇచ్చి మరీ, "మా చెల్లికేం కాలేదండీ, గుండ్రాయిలా ఉంది" అంటావా? ఆ మాటే రాసుకుపోయాడు. నా కుడిచెయ్యి భుజం దాటి లేవట్లేదు. బోర్డు మీద రాయలేక బడికి సెలవు పెట్టాను. రోజూ నాకు జడ వేస్తున్నది వదినే, అడుగు.

ఉయ్యూరు నుంచి వస్తూ కునుకు తీశావు, కారు డివైడర్‌ని గుద్దింది. దానికి నాకు కోపం లేదని ఎన్నిసార్లు చెప్పాలి? నాకేం కాలేదని నువ్వంటుంటేనే ఒళ్ళు మండుతోంది.

మంగళవారం వాయిదా. వచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పు. వెళ్తూ నన్నూ కార్లో ఎక్కించుకో. బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడలేను.

నీ చెల్లెలు