నీలిగీత వెంట వడ్రంగి

రాజధాని పెద్ద స్టేషను విచారణ కార్యాలయం వారికి, తలుపులూ కిటికీలూ చేసుకు బతికే వడ్రంగి నమస్కరించి రాయునది.

అయ్యా, మా ఆవిడ మీ ఊరి ఆసుపత్రిలో ఉంది. మీ స్టేషన్లో రైలు దిగి మెట్రో ఎక్కితే ఆసుపత్రి గుమ్మంలోనే దింపుతుందన్నారు. ఆదివారం వచ్చాను. 'మెట్రోకు దారి' అన్న బాణాలు చూసుకుంటూ మెట్లు దిగాను, ఎక్కాను, మళ్ళీ దిగాను. చివరికి నేను దిగిన రైలు దగ్గరికే తేలాను. ఈలోగా రోగుల్ని చూడనిచ్చే వేళ దాటిపోయింది. దారి కాస్త వివరంగా రాయగలరు.

ఇట్లు,
వడ్రంగి

తా.క.: నేను చేసిన తలుపు తీస్తే గది వస్తుంది. మీ తలుపు తీస్తే ఇంకో తలుపు వస్తోంది.

*

వడ్రంగి గారికి,

మీ ఉత్తరం అందింది. స్టేషన్లో తలుపుల పనికి ప్రస్తుతం మనుషులు అక్కర్లేదు. ఇక మెట్రో సంగతి. నేల మీద నీలిగీత ఉంటుంది. దాన్ని వదలకుండా నడవండి. చిన్నపిల్లలు కూడా వెళ్ళిపోతున్నారు.

భవదీయుడు,
విచారణ గుమాస్తా

తా.క.: గీత మీద కాదు, పక్కన నడవండి. రంగు పోతోంది.

*

గుమాస్తా గారికి దండాలు.

నేను పని అడగలేదు బాబూ, దారి అడిగాను. మీరన్నట్టే నీలిగీత పట్టుకున్నాను. తలెత్తితే ఎక్కడ తప్పిపోతానోనని దించిన తల ఎత్తకుండా నడిచాను. సగం దూరంలో గీత అరిగిపోయింది. కాస్త అవతల మళ్ళీ నీలం కనబడితే దాని వెంట పడ్డాను. అది నేల కడిగే ఆవిడ లాక్కెళ్తున్న గొట్టం! "ఎక్కడికి బాబాయ్, ఇది ఆడవాళ్ళ మరుగుదొడ్డి!" అని కేకేసింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ఆదివారమూ అలా గంగలో కలిసింది.

మా ఆవిడకు ఫోన్లో ఈ సంగతి చెప్పుకున్నాను. "పోనీలెండి, వచ్చేవారం వద్దురుగాని. నేనెక్కడికి పోతాను?" అంది. గొంతు పీలగా ఉంది. అది విన్నప్పటి నుంచి నా చేతిలో రంపం ఆడటం లేదు. ఆవిడ అక్కడ, నేనిక్కడ, మధ్యలో మీ స్టేషను. మా ఆవిడను నాకు చూపించండి, పుణ్యముంటుంది.

మీ
వడ్రంగి

తా.క.: రంగు నావల్ల పోలేదు.

*

అయ్యా,

మీ భార్య మా స్టేషన్లో తప్పిపోయినందుకు చింతిస్తున్నాం. 'వడ్రంగి గారి భార్య ఎక్కడున్నా విచారణ కిటికీ దగ్గరికి రావలెను' అని మైకులో రోజూ పిలిపిస్తున్నాం. ఇంతవరకు ముగ్గురు వచ్చారు. మీ ఆవిడ ఎవరో వచ్చి గుర్తుపట్టగలరు.

భవదీయుడు,
గుమాస్తా

తా.క.: ఒకావిడ భర్త తాపీమేస్త్రీ. ఫరవాలేదా అని అడుగుతోంది.

*

బాబూ, మీ కాళ్ళు పట్టుకుంటాను.

తప్పిపోయింది ఆవిడ కాదు, నేను! మొన్న ఎలాగో మెట్రో ఎక్కాను. అది ఎదురు దిక్కుకు పోయేదట. ఊరి చివర దింపేసింది. అక్కడి బల్ల మీద కూర్చుని, పక్కన మనుషులున్నారని కూడా చూడకుండా ఏడ్చాను. ఇక నావల్ల కాదు. ఈ ఆదివారం తెల్లవారే బయల్దేరుతున్నాను. ఆవిడ మొహం చూడందే ఇంటికి రాను.

దిక్కులేని
వడ్రంగి

తా.క.: ఆ మేస్త్రీ భార్యను ముందు ఇంటికి పంపండి. పాపం, అతను వెతుక్కుంటూ ఉంటాడు.

*

గుమాస్తా గారికి, వడ్రంగి భార్య ఆశీర్వదించి రాయునది.

నాయనా, నీ కిటికీ ఎదుట బల్ల మీద కూర్చునే రాస్తున్నాను. నోటితో చెప్పబోతే కాగితం మీద పెట్టమన్నావు కదా! ఆసుపత్రి వాళ్ళు పొద్దున నన్ను ఇంటికి పొమ్మన్నారు. ఆయాయే మెట్రో ఎక్కించింది. రైలు కోసం ఇటు వస్తుంటే మైకులో నన్నే పిలుస్తున్నారు. పక్కింటికి ఫోను చేస్తే, ఈయన తెల్లవారే నాకోసం బయల్దేరారని చెప్పారు. ఈయన ఫోనేమో అందటం లేదు. మీ భూమి కిందే ఎక్కడో తిరుగుతూ ఉంటారు. ఇక నన్ను మానేసి ఆయన్ని పిలిపించు. బాణాలు చూడొద్దని, గీతలు పట్టుకోవద్దని, ఉన్నచోటే నిలబడమని చెప్పించు. నేనే మెల్లగా నడిచి వెళ్తాను.

ఇట్లు,
ఆయన మనిషి

తా.క.: నయమై పంపలేదు నాయనా, ఇక చేసేదేమీ లేదని పంపారు. ఆ మాట మైకులో చెప్పకు. నేనే చెప్పుకుంటాను. ఆయన దగ్గరికి దారి మాత్రం సరిగ్గా చూపించు. మళ్ళీ తప్పిపోయేంత వ్యవధి మాకు లేదు.